మెనూ తర్వాత, ముందు రబ్బరా స్టీలా చెప్పు

తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. లేజర్ డిస్టెన్స్ సెన్సర్‌ని సెట్ చేయడం గురించి తెలుగులో రాయాలనుకోవడమే నాకు నచ్చింది. కానీ మొదటి పేజీ అంతా మెనూనే. ఈ బటన్ నొక్కండి, ఆ ఆప్షన్ ఎంచుకోండి. అదంతా డబ్బాలో వచ్చే మాన్యువల్‌లోనే ఉంటుంది కదా. చదివేవాడు కొలిచేది నల్ల రబ్బరా, పాలిష్ పట్టిన స్టీలా అని నువ్వు ఒక్కచోటా అడగలేదు.

నువ్వు రాసిన ఈ లేజర్ సెన్సర్ ట్రయాంగ్యులేషన్ రకం, అంటే త్రిభుజం లెక్కతో దూరం కొలిచేది. అది వస్తువు మీద ఎర్రచుక్క వేస్తుంది. అక్కణ్ణించి చెదిరి వచ్చే వెలుగు లెన్స్ గుండా లోపలి చిప్ మీద ఎక్కడ పడిందో చూసి దూరం లెక్కగడుతుంది. నల్ల రబ్బరు ఆ వెలుగును తాగేస్తుంది, ఎక్స్‌పోజర్ (చిప్ వెలుగు పట్టే సమయం) పెంచాలి. స్టీలు అద్దంలా ఒకే దిక్కుకు కొడుతుంది. అది నేరుగా లెన్స్‌లోకి వస్తే చిప్ కళ్ళు బైర్లు కమ్ముతాయి, పక్కకు పోతే ఏమీ కనపడదు. పాలరంగు ప్లాస్టిక్ మరీ దొంగది. వెలుగు లోపలికి దిగి చెదురుతుంది కాబట్టి కొలత ఉన్నదానికంటే లోతుగా వస్తుంది. అంకె కదలదు, నిలకడగా తప్పు చెబుతుంది!

యావరేజింగ్, అంటే చాలా కొలతల సగటును ఒక్క అంకెగా చూపడం గురించి 'ఎంత పెంచితే అంత మంచిది' అని రాశావు. నేనూ ఒకప్పుడు అదే రాసి బొక్కబోర్లా పడ్డాను. ఓ షెడ్డులో కన్వేయర్ మీద షీట్ ఎత్తు కొలుస్తున్నారు. సెన్సర్ సెకనుకు 1000 కొలతలు తీస్తుంది. అంకె వణుకుతోందని 1024 కొలతల సగటు పెట్టించాను. వణుకు పోయింది, అందరూ సంతోషించారు. కానీ బెల్టు సెకనుకు 20 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే ఒక్కో అంకె దాదాపు 20 సెంటీమీటర్ల షీటుకి సగటు. 2 సెంటీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు లోతున్న గుంట 0.1 మిల్లీమీటరుగా కనిపించి, పాస్ అయిపోయింది. తిరిగొచ్చిన సరుకు చూసి నా మొహం చెల్లలేదు. కాబట్టి ముందు వెతికే లోపం ఎంత వెడల్పో, బెల్టు ఎంత వేగమో అడుగు, తర్వాత సగటు చెప్పు.

నీ బొమ్మ కూడా మార్చాలి. మెట్టులాంటి అంచు మీదుగా కొలిచేటప్పుడు నువ్వు గీసినట్టు లేజర్ అంచుకి ఒకపక్క, లెన్స్ ఇంకోపక్క ఉండేలా సెన్సర్ పెడితే, మెట్టే లెన్స్‌కి అడ్డం వస్తుంది. సెన్సర్‌ని 90 డిగ్రీలు తిప్పి గీయి, లేజరూ లెన్సూ రెండూ అంచు వెంబడే ఉండేలా.

ఆన్ చేశాక అరగంట వేడెక్కనివ్వాలని ఒక్క వాక్యం రాస్తే చాలు, దానికి పేరా అక్కర్లేదు.

మళ్ళీ రాసేముందు ఓ పని చెయ్యి. తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్‌తో లావుపాటి నల్లగీత గీసి, సెన్సర్ కింద మెల్లగా జరుపు. కాగితం మందం మారదు, కానీ గీత అంచు దగ్గర అంకె ఎగురుతుంది. చుక్కలో సగం నలుపు మీద, సగం తెలుపు మీద పడి, తిరిగొచ్చే వెలుగు ఒక పక్కకే మొగ్గడం వల్ల. నీకు ఎంత ఎగిరిందో ఆ అంకెతో మొదటి పేరా మొదలుపెట్టి పంపు.

అన్న