బేస్ లేని చోట

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ఆండీ ఫ్రేజర్ మీద పద్దెనిమిది పేజీలు! ఫ్రీ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పేరు విన్నవాళ్లే మన దగ్గర తక్కువ. అందులోనూ బేస్, అంటే పాటకు అడుగున మోగే మంద్ర స్వరాల గిటార్, వాయించినవాడి గురించి తెలుగులో ఇంత రాశావంటే ఆయనంటే నీకెంత ఇష్టమో తెలుస్తూనే ఉంది. ఎలా ఉందో చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను, నొచ్చుకోకు.

ముందు తప్పు సంగతి. ఏడో పేజీలో ఫ్రీ పాట ‘ఆల్ రైట్ నౌ’ గురించి రాస్తూ, పాట మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా ఫ్రేజర్ బేస్ గోదారి వరదలా ఉరకలెత్తుతుందన్నావు. అక్కడ పప్పులో కాలేశావు. ఆ పాట చరణాల్లో అసలు బేసే లేదు. పాల్ కోసాఫ్ గిటార్, సైమన్ కిర్క్ డ్రమ్స్, పాల్ రోడ్జర్స్ గొంతు, అంతే. పాట రాసిన ఇద్దరిలో ఒకడైన ఫ్రేజర్ తన వాయిద్యాన్ని పక్కన పెట్టి ఊరుకున్నాడు. పల్లవి వచ్చాకే దిగుతాడు.

నువ్వు ఫోన్ స్పీకర్లో విన్నావని నా అనుమానం. బేస్ గిటార్లో అన్నిటికన్నా లావు తీగ పలికేది దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర. అరచేతిలో ఇమిడే స్పీకర్ అంత కిందికి దిగలేదు. అందుకే బేస్ ఉన్నచోటా లేనిచోటా నీకు ఒకేలా వినిపించింది. మిగతాది ఎక్కడో చదివిన పొగడ్తలతో నింపేశావు. ‘అద్భుతం’ అనే మాట నీ వ్యాసంలో పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. వినబడని చోటే ఆ మాట అవసరమవుతుంది. వినబడితే ఏం వినబడిందో రాస్తాం కదా.

నేనేదో పుట్టుకతోనే బాగా విన్నవాణ్ణి అనుకోకు. నీ వయసులో ఒక పత్రికకు కచేరీ సమీక్షలు రాసేవాణ్ణి. ఒకసారి ఓ గాయకుడి కచేరీ గురించి రెండు కాలమ్‌లు రాసి, మృదంగం వాయించినాయన ఊసే ఎత్తలేదు. నాలుగు రోజుల తర్వాత ఆయన ఆఫీసుకొచ్చాడు. తెల్ల పంచె, చేతిలో గుడ్డ సంచి. పోట్లాడతాడనుకుని నాకు టెన్షన్. ఆయన కూర్చుని, మంచినీళ్లు తాగి, మెల్లిగా అడిగాడు: “బాబూ, ఆ చివర్లో అఠాణా కీర్తన జరుగుతుంటే అనుపల్లవిలో నేను చెయ్యి ఆపేశాను, గమనించారా?” లేదన్నాను. “ఆ ఆగడం కోసమే ముందంతా వాయించానండి” అని సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ‘ఆల్ రైట్ నౌ’ మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు నాకు ఆ తెల్ల పంచె ఆయనే గుర్తొచ్చాడు.

నువ్వూ ఒకసారి అలా విను. చరణంలో గిటార్ ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది, ఆ సందులో రోడ్జర్స్ కథ చెప్తాడు. కింద ఏదో వెలితిగా ఉంటుంది కానీ ఏమిటో తెలియదు. మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టు. పల్లవి దగ్గర బేస్ వచ్చేసరికి నేల దొరుకుతుంది. జనం అక్కడే ఎందుకు గొంతు కలుపుతారో అప్పుడు తెలుస్తుంది. ఆల్బమ్‌లో ఉన్న పూర్తి పాట విను, సింగిల్‌గా వచ్చింది కత్తిరించినది. గిటార్ సోలో దగ్గర బేస్ ఒక చిన్న పలుకును పట్టుకుని తిప్పితిప్పి వాయిస్తుంటే దాని మీద కోసాఫ్ నెమ్మదిగా పైకెక్కుతాడు. నీ పద్దెనిమిది పేజీల్లో రెండు పేజీలు దీనికే ఇవ్వొచ్చు. నువ్విచ్చింది ఒక్క వాక్యం, అదీ తప్పు.

ఇక మొదలు. “1952 జులై 3న లండన్‌లో జన్మించిన” అని ఎత్తుకున్నావు. రేషన్ కార్డు కాదు కదా. తండ్రి మూలాలు గయానావని, అయిదో ఏట నుంచే పియానో నేర్చుకున్నాడని చెప్పు, కానీ మొదటి పేరాలో వద్దు. పదిహేనేళ్లకే జాన్ మేయల్ నడిపే బ్లూస్‌బ్రేకర్స్ బ్యాండ్‌లో చేరడాన్ని “విధి పిలిచింది” అన్నావు. పిలిచింది విధి కాదు, స్నేహితురాలి నాన్న. జుట్టు పెంచాడని బడి నుంచి పంపేస్తే ఫ్రేజర్ హేమర్‌స్మిత్‌లో ఒక కాలేజీలో చేరాడు. అక్కడ పరిచయమైన అమ్మాయి అలెక్సిస్ కోర్నర్ కూతురు. లండన్ బ్లూస్ సంగీతానికి కోర్నర్ ఇంటిపెద్ద లాంటివాడు. బేస్ వాయించేవాడు కావాలని మేయల్ అడిగితే, మా ఇంటికొచ్చే కుర్రాడొకడున్నాడని చెప్పింది ఆయనే. ఆ ముక్క రాస్తే కుర్రాడు కళ్ల ముందుకొస్తాడు. ‘బాలమేధావి’ అంటే ఎవరూ రారు.

మేయల్ దగ్గర ఎన్నాళ్లో లేడు. 1968 ఏప్రిల్‌లో బాటర్సీలోని ఒక పబ్‌లో నలుగురు కలిసి వాయించారు, అదే ఫ్రీ. ఆ పేరూ కోర్నర్ సూచించిందే. నలుగురిలో ఇతనే చిన్నవాడు, ఇంకా పదహారు నిండలేదు. మొదటి రెండు ఆల్బమ్‌ల గురించి నువ్వు రాసింది సరిపోతుంది, ఇంకా తగ్గించినా ఫరవాలేదు.

‘ఆల్ రైట్ నౌ’ డర్హమ్ ఊళ్లో పుట్టిందన్న కథ ఉంచు, కానీ అది సైమన్ కిర్క్ చెప్పిన కథ అని చెప్పి ఉంచు. ఆ రాత్రి కార్యక్రమం చప్పగా సాగింది. తాను డ్రమ్స్ గద్దె దిగకముందే చప్పట్లు అయిపోయాయని, తమ అడుగుల చప్పుడు తమకే వినిపిస్తుండగా లోపలికి నడిచామని కిర్క్ చెప్పాడు. వాళ్ల పాటలన్నీ నిదానపు నడకవి, చివర్లో జనాన్ని లేపే పాట ఒకటి లేదు. డ్రెస్సింగ్ రూములో ఫ్రేజర్ ఎగురుతూ ఆ మూడు మాటలు పాడటం మొదలుపెట్టాడట, పది నిమిషాల్లో పాట అయిపోయిందట. నువ్వు దీన్ని “స్ఫూర్తి మెరుపు” అన్నావు. నాకైతే అక్కడ మెరుపు కనబడలేదు, అవసరం కనబడింది. పైగా, జనాన్ని లేపడానికే రాసుకున్న పాటలో సగం సేపు తాను వాయించకుండా ఉండటం చూడు. పద్దెనిమిదేళ్లు కూడా నిండని కుర్రాడికి ఆ నిబ్బరం ఎక్కడిది? దీనికి నాకూ జవాబు లేదు. పాఠకుడి ముందు ఆ ప్రశ్న పెట్టు, చాలు.

1970లో ఆ పాట బ్రిటన్‌లో రెండో స్థానానికీ, అమెరికాలో నాలుగో స్థానానికీ వెళ్లింది. ఆగస్టు ఆఖర్లో ఐల్ ఆఫ్ వైట్ సంగీతోత్సవంలో లక్షల మంది ముందు వాయించారు. ఇక్కడ ‘మిస్టర్ బిగ్’ పాట సంగతి మర్చిపోయావు. అందులో గిటార్ వెనక్కి తగ్గి దారిస్తే బేస్ ముందుకొచ్చి మాట్లాడుతుంది. చేతిలో పొట్టి మెడ బేస్ గిటార్, గిబ్సన్ ఈబీ-3. వాయించలేక ఊరుకున్నవాడు కాదని తెలియాలంటే ఈ పాట పక్కన ఉండాలి. రెండూ ఒకే ఆల్బమ్, ‘ఫైర్ అండ్ వాటర్’.

ఆ తర్వాతి కాలాన్ని నువ్వు “పతనం” అన్నావు. ఆ ఉపశీర్షిక తీసెయ్. తర్వాతి సింగిల్ ‘ద స్టీలర్’ ఆడలేదు, 1971లో విడిపోయారు, మళ్లీ కలిశారు. మత్తు మందుల్లో మునిగిపోతున్న కోసాఫ్‌ని గట్టెక్కించాలన్న ఆశ కూడా ఆ కలయికలో ఉంది. 1972లో ఫ్రేజర్ బయటికొచ్చేశాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు. మనకు డిగ్రీ పూర్తయ్యే వయసు. కోసాఫ్ 1976లో, పాతికేళ్లకే, విమానంలో పోయాడు. అది రాసినప్పుడు నీ వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, బావున్నాయి. ఒక్క విశేషణం లేదు. నీకు తెలియకుండానే అక్కడ సరిగ్గా రాశావు, ఆ పేజీ ముట్టుకోకు.

ఫ్రీ తర్వాత ఆయన వాయించిన షార్క్స్ బ్యాండ్ సంగతి రెండు ముక్కల్లో తేల్చెయ్. కానీ 1978లో రాబర్ట్ పామర్ పాడిన ‘ఎవ్రీ కైండా పీపుల్’ ఫ్రేజర్ రాసిందని నువ్వు ఫుట్‌నోట్‌లో పడేశావు. ఇదేం అన్యాయం? ఆ పాట తెలిసినవాళ్లలో రాసినవాడి పేరు ఎందరికి తెలుసు? నీ వ్యాసానికి కావలసిన మనిషి అక్కడే ఉంటే, నువ్వు ఇంకా స్టేజి మీద వెతుకుతున్నావు.

ఆయన అనారోగ్యం, తాను గే అని ఆయన చెప్పుకోవడం, వీటి దగ్గర నీ గొంతు మారింది. ఏదో రహస్యం బయటపెడుతున్నట్టు రాశావు. ఆయనే నోరు తెరిచి చెప్పిన సంగతులవి. ఆయన చెప్పినంత మామూలుగా రాయి, ఆశ్చర్యార్థకాలు కొట్టెయ్. చివరి ఏళ్లలో ఒక కుర్ర గిటారిస్టుని ముందు నిలబెట్టి తాను వెనక బేస్ వాయించాడు, 2015 మార్చి 16న కాలిఫోర్నియాలో, 62 ఏళ్లకు పోయాడు. నువ్వు ఆ మరణం మీద పేజీన్నర రాశావు. నాకైతే ఆ కుర్రాడి వెనక నిలబడ్డ ఫ్రేజర్ చాలు.

వ్యాసం తిరగరాయడానికి ఇప్పుడే కూర్చోకు. ఫోన్ పక్కన పడేసి, ఎవరి దగ్గరైనా మంచి హెడ్‌ఫోన్స్ అప్పు తీసుకో. చీకట్లో కూర్చుని ఆ పాట మూడుసార్లు విను. బేస్ మొదటిసారి ఎన్నో సెకనులో వచ్చిందో, చరణంలోకి వెళ్లగానే ఎక్కడ తప్పుకుందో కాగితం మీద రాసి నాకు పంపు. మిగతా పేజీల సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఉంటాను,
నీ అన్న