టైమ్‌షేర్‌ను అనాథాశ్రమానికి రాసిచ్చేస్తే బాకీ పోతుందా?

ప్రశ్న: మాది కావలి. 2019లో ‘బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ రండి’ అని నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక హోటల్‌కు పిలిచి, 25 ఏళ్ల హాలిడే టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు రిసార్టు గది వాడుకునే హక్కు) అంటగట్టారు. రూ.2.80 లక్షలు కట్టాను. ఒక్కసారీ వెళ్లలేదు. ఇప్పుడు నా భార్యకు మోకాళ్ల నొప్పులు, ప్రయాణమే కుదరదు. గత ఏడాది వేసవిలో పిల్లల కోసం ఊటీలో గది అడిగితే ఖాళీ లేదన్నారు. ఆ కోపంతో ఏటా కట్టే రూ.14 వేల మెయింటెనెన్స్ ఆపేశాను. నోటీసు వచ్చింది. ఒప్పంద పత్రం ఎక్కడుందో గుర్తులేదు. మా ఊరి అనాథాశ్రమానికి దీన్ని దానం చేద్దామనుకుంటున్నాను. రూ.35 వేలు ఇస్తే ఒక ట్రస్టు పేరుకు మార్పించి, ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే 80జీ రసీదు కూడా ఇప్పిస్తామని ఒకాయన ఫోన్ చేస్తున్నారు. ఇవ్వొచ్చా?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

అమెరికాలో చాలా టైమ్‌షేర్లు రిజిస్టరైన ఆస్తి వాటాలు, కాబట్టి అక్కడ దానంగా రాసివ్వడం అనే మాట ఉంది. మీ చేతిలో ఉన్నది మాత్రం కంపెనీతో చేసుకున్న ఒప్పందం. అందులో గది వాడుకునే హక్కుతో పాటు ఏటా డబ్బు కట్టే బాధ్యతా ఉంది. కంపెనీ ఒప్పుకోకుండా ఆ బాధ్యతను మరొకరి నెత్తిన పెట్టలేరు. మీ కేసంతా ఈ ఒక్క పాయింటు మీదే ఉంది. కంపెనీ రికార్డులో మీ పేరు ఉన్నంతకాలం ట్రస్టు ఎన్ని రసీదులిచ్చినా నోటీసులు మీకే వస్తాయి. పైగా పుచ్చుకునేవారు అంగీకరిస్తేనే అది దానం. పిల్లల భోజనానికి దాతల కోసం చూసే ఆశ్రమం ఏటా రూ.14 వేలు ఎందుకు కడుతుంది? ఆ 80జీ మాటా అబద్ధమే. డబ్బుగా ఇచ్చిన విరాళానికే ఆ మినహాయింపు, ఇలాంటి హక్కులకు రాదు.

పాతికేళ్ల బాధ్యత నెత్తికెత్తుకున్న కాగితాన్ని పారేసుకోవడం చిన్న తప్పు కాదు మాస్టారూ. నకలు కావాలని ఈ వారమే కంపెనీకి రాయండి.

గది లేదన్నది ఫోన్లోనా, మెయిల్‌లోనా? మెయిల్ అయితే ప్రింటు తీసి దాచండి. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. 2019లో మోసపుచ్చి సంతకం చేయించారన్న వాదనకు ఆ గడువు ఎప్పుడో దాటింది. గది నిరాకరించిన తేదీకి ఇంకా ప్రాణం ఉంది, దాన్ని పట్టుకోండి. ఫోన్లో చెప్పి ఉంటే, మళ్లీ ఒక తేదీకి గది అడుగుతూ మెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

సభ్యత్వం రద్దు చేయమని, ఇప్పటిదాకా కట్టిన దానికి లెక్క చూపమని స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. అందినట్టు రుజువు ఉంచుకోండి. అందులో ‘బాకీ ఉన్నాను, కొంచెం గడువివ్వండి’ అని మాత్రం రాయకండి. మీరు సంతకం చేసి ఒప్పుకుంటే, వసూలు దావాకు కంపెనీకి ఉన్న మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

పదిహేను రోజుల్లో సరైన జవాబు రాకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ‘వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టులోనే’ అని ఒప్పందంలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలో ఫిర్యాదు చేసే హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. మీరు కట్టింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని కంపెనీలు ఆ దశలోనే రాజీకి వస్తాయి. రూ.2.80 లక్షలూ తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోకండి, ఇకపై ఏటా కట్టే బాధ్యత ఆగేలా రాతపూర్వకంగా రద్దు తెచ్చుకోవడమే ముందు కావాల్సింది.