యజమానిపైనే ఫిర్యాదు ఎక్కడ?

ప్రశ్న: బట్టల షాపులో ఏడుగురం పనిచేస్తున్నాం. ఓనరే అసభ్యంగా మాట్లాడుతూ, కాదంటే పని మానేయమంటున్నాడు. మా దగ్గర ఇలాంటి ఫిర్యాదులు వినే కమిటీ లేదు. ఏం చేయాలి? – ఒక సోదరి, గుంటూరు

జవాబు: అసభ్యంగా మాట్లాడుతూ, కాదంటే ఉద్యోగం పోతుందని బెదిరించడమూ పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపే. పదిమందిలోపు ఉన్నచోట, లేదా యజమానే నిందితుడైతే, జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. కలెక్టరేట్‌లో అడగండి. చివరి సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. 6 ప్రతులు, సాక్షుల పేర్లు, చిరునామాలు జతచేయండి. చాలా ఫిర్యాదులు బలహీనపడేది ఇక్కడే: 'ఎప్పుడూ వేధిస్తాడు' అని రాస్తారు. తేదీ, చోటు, అన్న మాట అన్నట్టే రాయండి. కోపంలో వాట్సాప్ చాట్ తుడిచేయకండి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా 3 నెలల వరకు సెలవు ఇప్పించమని రాతపూర్వకంగా కోరవచ్చు.