కోనసీమ ఉక్కలో క్లైంబింగ్ ప్రాక్టీస్: అరచేతుల తోలు తక్కువ ఖర్చుతో కాపాడుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర ఊళ్ళో ఉంటారు, ఇంట్లో గుమ్మం పైన చెక్క బోర్డు బిగించుకుని వేలాడుతూ ప్రాక్టీస్ చేస్తారు, సెలవులు దొరికితే భువనగిరి వెళ్ళి బండ ఎక్కుతారు. అరచేతిలో కాయలు లేచి ఊడిపోతున్నాయి, వేళ్ళ కొసలు మండుతున్నాయి. క్లైంబర్ల కోసమని అమ్మే విదేశీ క్రీములు కొనే స్తోమత లేదు. ప్రాక్టీసుకి ముందు కొబ్బరినూనె రాస్తున్నారు. తోలు ఊడినచోట అమ్మ పసుపు పెట్టమంటున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ క్రీములు మీకు అక్కర్లేదు. సాండ్ పేపర్ ఒకటి, పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా ఒకటి, గుడ్డ ప్లాస్టర్ ఒక చుట్ట ఉంటే చాలు. ఒకటి హార్డ్‌వేర్ షాపులో, మిగతా రెండు మెడికల్ షాపులో దొరుకుతాయి. కొబ్బరినూనె మంచిదే, కానీ మీరు రాస్తున్న వేళ తప్పు. పసుపు మాత్రం పచ్చి పుండులో పెట్టకండి. నేనూ రావులపాలెం వైపు మనిషినే. ఇదే ఉక్కలో, ఇవే చెమట చేతులతో ప్రాక్టీస్ చేస్తూ తెలుసుకున్నవి రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాల వాళ్ళు రాసినవి. అక్కడ గాలి పొడి, చేతులు ఎండిపోయి పగులుతాయి, అందుకని రోజుకి మూడు నాలుగు సార్లు క్రీము రాయమంటారు. మన దగ్గర ఆ లెక్క కుదరదు. ఒకపక్క గౌతమి, ఒకపక్క వశిష్ఠ, మధ్యలో కాలవలు, వరిచేలు, చేపల చెరువులు, దిగువన సముద్రం. వానాకాలమంతా ఆరేసిన బట్టే ఆరదు, అరచేయి ఏం ఆరుతుంది? మన చేతుల అసలు శత్రువు చెమ్మ. చర్మం పైపొర నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పైన గట్టి కాయ, దాని చుట్టూ మెత్తటి తోలు. బోర్డు అంచు పట్టుకుని ఒంటి బరువు వేలాడేసినప్పుడు ఆ రెండింటి మధ్య లాగుడు పడుతుంది, కాయ కాయంతా లేచి వచ్చేస్తుంది. అలాంటి చేతికి ప్రాక్టీసుకి ముందు నూనె కూడా రాస్తే పట్టు జారుతుంది, జారకుండా మీరు ఇంకా గట్టిగా నొక్కుతారు, తోలు ఇంకా తొందరగా పోతుంది.

మా వీధిలో కొబ్బరికాయలు ఒలిచే పెద్దాయన ఒకరున్నారు. పొద్దుటి నుంచి గునపం మీద కాయ గుచ్చి పీచు తిప్పి లాగడమే పని. ఒకసారి ఆయన చెయ్యి పట్టుకుని వెలుతురులో చూశాను. వేళ్ళ మొదళ్ళలో మందంగా కాయలున్నాయి, కానీ ఒక్కదానికీ అంచు లేదు. అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా ఉన్నాయి. పనిలో ఉండగా చేతికి నూనె చుక్క తగలనివ్వరు. చెమట పడితే పొడి పీచుతో తుడుచుకుంటారు. నూనె రాసుకునేది సాయంత్రం స్నానమయ్యాకే. మనకి కావలసింది సరిగ్గా అదే: మందం ఉండాలి, అంచు ఉండకూడదు, పని వేళ పొడిగా ఉండాలి, రాత్రి పూట మెత్తబడాలి. ఆయనకి రోజూ పీచు రాపిడే అంచుల్ని అరగదీస్తుంది. మనం సాండ్ పేపర్‌తో అరగదీసుకోవాలి.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తోలు లేవడం చాలామందిలో ఇక్కడే ఆగిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో 150 నుంచి 220 నంబరు దాకా ఏదైనా తీసుకోండి. 80 నంబరు మరీ గరుకు, మంచి తోలుని కూడా లాగేస్తుంది. అగ్గిపెట్టంత ముక్క కత్తిరించుకోండి. స్నానం చేసిన వెంటనే వద్దు, తోలు నాని ఉన్నప్పుడు ఎంత పోతోందో తెలియదు. చెయ్యి పూర్తిగా ఆరాక, ట్యూబ్‌లైట్ కింద కూర్చుని, రెండో చేతి బొటనవేలితో కాయ మీద పక్క నుంచి మెల్లగా నిమరండి. ఎక్కడ వేలికి అడ్డు తగిలిందో అదే అంచు. వేళ్ళు సగం ముడిస్తే ఇంకా బాగా కనిపిస్తుంది, మడతలో చిన్న గట్టులా లేస్తుంది. అక్కడ మాత్రమే, ఒకే దిక్కుకి, తేలిగ్గా రుద్దండి. పక్కనున్న తోలుతో సమానం అయ్యాక ఆపేయండి. కాయని మొత్తం తీసేయాలని చూడొద్దు, మిమ్మల్ని కాపాడేది అదే. వేళ్ళ మడతల్లోకి కాగితం పోకపోతే పెన్సిల్‌కి చుట్టి రుద్దండి. బ్లేడు, కత్తెర మాత్రం కాయ మీద పెట్టకండి. ఒక్క గీత లోతుగా దిగితే వారం పాటు బోర్డు ముట్టుకోలేరు. ప్రాక్టీస్ చేసిన ప్రతి రాత్రీ రెండు నిమిషాలు ఇలా చూసుకుంటే చాలు. గోళ్ళు కూడా పొట్టిగా ఉంచండి.

ప్రాక్టీస్ అవ్వగానే చేతులు కడిగేయండి. పట్టు జారకుండా చేతికి అద్దుకునే తెల్లపొడి, అదే చాక్, చేతి మీద ఉన్నంతసేపూ తేమ పీలుస్తూనే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచుకుని ఫోన్ చూస్తూ కూర్చుంటే వేలి కొసలు గరగరలాడతాయి, తర్వాత చీలతాయి. మామూలు ఒంటి సబ్బు చాలు. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు చర్మం మీది సహజమైన జిడ్డుని ఊడ్చేస్తాయి. బండ ఎక్కే ముందురోజు బకెట్టు బట్టలు ఉతికే పని పెట్టుకోకండి, తప్పకపోతే గ్లవ్స్ వేసుకోండి.

చాక్ విషయానికొస్తే, అది మెగ్నీషియం కార్బొనేట్. జిమ్నాస్టులు, బరువులెత్తేవాళ్ళు వాడే దిమ్మ కూడా అదే. క్లైంబింగ్‌లోకి దాన్ని తెచ్చిందే జిమ్నాస్టిక్స్ నుంచి వచ్చిన అమెరికన్ క్లైంబర్ జాన్ గిల్, 1950ల్లో. కాబట్టి క్లైంబింగ్ కంపెనీ పేరున్న ప్యాకెట్ కోసం డబ్బులు పోయక్కర్లేదు, స్పోర్ట్స్ షాపులో దిమ్మ కొని నలిపి వాడుకోండి. బ్లాక్‌బోర్డు సుద్దముక్క దీనికి బదులు కాదు. ముఖానికి రాసే పౌడర్ అసలే వద్దు, అది జారడానికి పనికొస్తుంది గానీ పట్టుకి కాదు. వానాకాలంలో చాక్‌ని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. సంచిలో వదిలేస్తే చెమ్మ పట్టి ముద్ద కడుతుంది. ఇంకొకటి, చాక్ అద్దుకునే ముందు చెయ్యి ఫ్యాను కింద ఆరనివ్వండి. చెమట మీద చాక్ వేస్తే అది పేస్టులా అంటుకుంటుంది, అంతే.

ఇప్పుడు నూనె సంగతి. రాత్రి పడుకునే ముందు, రుద్దడం అయిపోయాక, చేతులు కడిగి ఒత్తి తుడుచుకుని బియ్యపు గింజంత పెట్రోలియం జెల్లీ చాలు. వేళ్ళ మడతలు, చర్మం సాగే చోట్లు, గోళ్ళ చుట్టూ రాయండి. అది చర్మానికి కొత్తగా నీరు ఇవ్వదు, లోపలున్న నీరు బయటికి పోకుండా మూత వేస్తుంది. మన ఉక్కలో పలచటి పొర చాలు. ఎక్కువ రాస్తే పొద్దున్నకి తోలు నానిపోయినట్టు తెల్లగా తేలుతుంది. కొబ్బరినూనె కూడా ఇదే వేళకి రాయొచ్చు. కాకపోతే అది సుమారు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన ఊళ్ళలో ఏడాదిలో చాలా భాగం పలచగానే ఉంటుంది కాబట్టి చేతి మీద కంటే దిండు మీదికే ఎక్కువ పోతుంది.

అందుకే నేను తేనెమైనం కలిపి గట్టి మలాం చేసుకుంటాను. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కన పెట్టుకుని కొబ్బరినూనెకి మనం వెతుక్కోనక్కర్లేదు. తేనెమైనం తేనెటీగలు పెంచేవాళ్ళ దగ్గర గానీ ఆన్‌లైన్‌లో గానీ దొరుకుతుంది. తూకం ప్రకారం ఒక పాలు మైనానికి మూడు పాళ్ళు నూనె. స్టీలు గిన్నెలో రెండూ వేసి, ఆ గిన్నెని మరిగే నీళ్ళున్న ఇంకో గిన్నెలో పెట్టండి. మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి వేడినీళ్ళ సెగ చాలు, నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకండి. కరిగాక ఒక చుక్క స్టీలు పళ్ళెం మీద వేసి చల్లారనివ్వండి. వేలితో నొక్కితే వెన్నలా దిగిపోతే ఇంకొంచెం మైనం వేయాలి. గోరుతో గీరితే గానీ రాకపోతే ఇంకొంచెం నూనె. ఏప్రిల్, మే నెలల్లో మైనం కాస్త ఎక్కువే పడుతుంది. నీటి చుక్క తగలకుండా చిన్న డబ్బాల్లో పోసుకుంటే నెలల తరబడి ఉంటుంది. కొవ్వొత్తి మైనం వాడొద్దు, అందులో రంగులు, వాసనలు ఏం కలుపుతారో మనకి తెలియదు. క్లైంబర్ల పేరుతో అమ్మే చాలా మలాముల్లో ప్రధాన సరుకు ఇదే: మైనం, ఏదో ఒక నూనె.

మెడికల్ షాపులో కాళ్ళ పగుళ్ళకి యూరియా క్రీము ఇస్తారు, చవకే. కానీ యూరియా శాతం ఎక్కువున్నవి కాయల్ని కరిగించి మెత్తబరుస్తాయి. బండ ఎక్కే వారంలో దాని జోలికి పోవద్దు.

తోలు లేచిపోతే ఏం చేయాలి? ముందు దిగిపోండి. ఇంకొక్కసారి ప్రయత్నిద్దామనే ఆశ ఆ క్షణంలో చాలా బలంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ అప్పుడు ఆగితే నాలుగైదు రోజుల్లో తిరిగి ఎక్కుతారు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడిగి చాక్ పొడి, ఇసుక అంతా పోనివ్వండి. మండుతుంది, ఓర్చుకోవాలి. శుభ్రమైన గుడ్డతో నెత్తురు ఆగేదాకా నొక్కి పట్టుకోండి. ఊడి వేలాడుతున్న తోలు కింద మట్టి ఉంటే, లేదా అది ఎండిపోయి ఉంటే, సబ్బుతో కడిగి స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మొదలు దాకా కత్తిరించండి. పచ్చి చర్మాన్ని లాగకండి. పైన పెట్రోలియం జెల్లీ పలచగా రాసి ప్లాస్టర్ వేసి రోజూ మార్చండి. పుండు ఎండి గట్టి పక్కు కట్టడం కంటే ఇలా తేమగా మూసి ఉంచితేనే త్వరగా, మెత్తగా మానుతుంది. కొత్త తోలు వచ్చాక చుట్టూ మిగిలిన అంచుని సాండ్ పేపర్‌తో చదును చేయండి.

అమ్మగారి పసుపు గురించి: వంటింటి పసుపు సూక్ష్మక్రిములు లేకుండా చేసింది కాదు, పుండులో అది నలుసులా ఉండిపోతుంది. కాఫీపొడికీ ఇదే మాట. అమ్మగారికి నచ్చజెప్పండి, ప్రేమతో చెప్పేదే కాబట్టి సబ్బునీళ్ళు, ప్లాస్టర్ చూపిస్తే ఒప్పుకుంటారు. టీటీ ఇంజెక్షన్ పదేళ్ళలో వేయించుకోకపోతే, మట్టి పట్టిన గాయమైతే ఐదేళ్ళలో వేయించుకోకపోతే, వెళ్ళి వేయించుకోండి.

డెల్టాలో ఉన్నవాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. చేతిలో పచ్చి గాయం ఉండగా ఊడ్పుల మడిలో గానీ చెరువులో గానీ చేతులు పెట్టకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది, గాయం దానికి తెరిచిన తలుపే. ఇంట్లో వ్యవసాయం ఉండి తప్పదంటే రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. ఆ తర్వాత వారం రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకి మీరు నీళ్ళలో దిగిన సంగతి తప్పకుండా చెప్పండి.

మనది ఒండ్రునేల, బండ కావాలంటే ఊరు దాటి పోవాల్సిందే. భువనగిరి ఏకశిల గానీ, హంపి గానీ గరుకు గ్రానైటు. బాదామిది ఇసుకరాయి. మనం ఎక్కువగా వెళ్ళేది డిసెంబరు, జనవరిల్లో, అక్కడి గాలి అప్పుడు బాగా పొడి. ఇక్కడ చెమ్మకి అలవాటుపడిన చేతులు ఒక్క పూటలో బిగుసుకుంటాయి, వేళ్ళ మడతల్లో చీలికలు వస్తాయి. అంటే ఇంట్లో పాటించిన పద్ధతి అక్కడ మార్చుకోవాలి. ప్రయాణానికి మూడు రోజుల ముందు బోర్డు ఆపేయండి. అక్కడికి వెళ్ళాక మైనం మలాం రాత్రితో పాటు ఎక్కడం పూర్తయిన వెంటనే కూడా రాయండి. వేలి కొసలు గులాబీ రంగుకి తిరిగి, వేడినీళ్ళు తగిలితే చురుక్కుమంటున్నాయంటే ఆ రోజుకి ఆపే సమయం వచ్చినట్టే. చీలిక వస్తే ఆరబెట్టి ప్లాస్టర్ చుట్టి ఎక్కొచ్చు. వేలు చెమటగా ఉంటే ప్లాస్టర్ జారుతుంది కాబట్టి తుడిచి, కీలు మీద ఇంటూ గుర్తులా వేయండి, రక్తం ఆడనంత బిగువుగా వద్దు. చీలికలో ఫెవిక్విక్ పోసుకునేవాళ్ళని చూశాను. ఆసుపత్రుల్లో వాడే జిగురు వేరు, అంగట్లో దొరికేది వేరు. నెత్తురు కనిపించే గాయంలో అది పోయకండి.

చివరగా, మీ చేతులు బోర్డు మీద ఉన్నప్పుడే చెమరుస్తాయా, ఊరికే కూర్చుని పుస్తకం పట్టుకున్నా కాగితం తడిసేంత చెమట వస్తుందా? రెండోదైతే పైన చెప్పినవి సగమే పనిచేస్తాయి. అలాంటి చెమటకి అల్యూమినియం క్లోరైడ్ మందు ఉంది. రాత్రి పూర్తిగా ఆరిన చేతికి రాసి పొద్దున్నే కడిగేయాలి, గాయం ఉన్నచోట రాస్తే విపరీతంగా మండుతుంది. అది సొంతంగా కొనకుండా ఒకసారి చర్మవైద్యులకి చూపించి మొదలుపెట్టండి. మీకు రెండిట్లో ఏదో కింద రాస్తే, ప్రాక్టీస్ ఏ వేళల్లో పెట్టుకుంటే మేలో దాన్నిబట్టి చెబుతాను.