నానమ్మ ‘అనేది’ అని రాయాలా, ‘అనేవారు’ అని రాయాలా?

సందేహం: మా నానమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఇంట్లోవాళ్లందరం కలిసి ఆవిడ గురించి ఒక చిన్న సంస్మరణ పుస్తకం వేస్తున్నాం. నేను రాసిన పేజీల్లో ‘నానమ్మ అనేది’, ‘నవ్వించేది’, ‘ఎవరొచ్చినా పెట్టేది’ అని ఉంది. మా బాబాయి అవన్నీ కొట్టేసి ‘అనేవారు’, ‘నవ్వించేవారు’, ‘పెట్టేవారు’ అని దిద్దారు. పెద్దవాళ్లను ‘ది’ అనడం అమర్యాద అంటారు. దిద్దాక చదివితే ఆవిడ మా నానమ్మలా అనిపించడం లేదు. ఏది ఒప్పు? పేరు ముందు ‘స్వర్గీయ’ అని రాయాలా, ‘కీర్తిశేషురాలు’ అని రాయాలా? ‘ఉదార స్వభావురాలు, హాస్యప్రియురాలు, దైవభక్తిపరురాలు’ అన్న మాటలు సరిగానే ఉన్నాయా?

సమాధానం: రెండూ ఒప్పే. ఈ విషయంలో మాత్రం నేను మీ పక్షం. ఎందుకో చెబుతాను.

మీరు పంపిన పేజీల్లో ఒక వాక్యం దగ్గర నేను పైకే నవ్వాను. ‘నానమ్మ రోజూ పూజ అయ్యాక, ఇల్లంతా వినిపించేలా, స్వామీ, వీళ్లకు బుద్ధి ఇవ్వు, అది నీ వల్ల కాకపోతే నాకు చెవుడు ఇవ్వు అనేది.’ బాబాయిగారు దిద్దాక అది ఇలా తయారైంది: ‘నానమ్మగారు ప్రతిదినం పూజానంతరం, తమ సంతానానికి సద్బుద్ధి ప్రసాదించమని భగవంతుణ్ణి చమత్కారంగా ప్రార్థించేవారు.’ ‘చమత్కారంగా’ అన్న మాట వచ్చి కూర్చుంది, చమత్కారం లేచి వెళ్లిపోయింది. చెవుడు ఏమైందో తెలియదు.

ఇక ‘ది’ సంగతి. ‘అనేది’ అంటే ‘అనే’ + ‘అది’. ‘వచ్చింది’ కూడా ‘వచ్చినది’ అన్న మాటకు వాడుక రూపమే. అంటే క్రియ చివర ఒక ‘అది’ దాక్కుని ఉంది. బాబాయిగారి చెవికి గుచ్చుకుంటున్నది అదే. విడిగా ఒక స్త్రీని ‘అది’ అంటే ఈ రోజుల్లో నిజంగానే తిట్టుతో సమానం. కానీ క్రియలో కలిసిపోయిన ‘అది’కి ఆ చేదు లేదు. ‘అమ్మ వచ్చింది’ అంటే అమ్మను ఎవరో చులకన చేశారని ఎవరికీ అనిపించదు.

మన భాషలో లింగవిభజన తీరే వేరు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు, మహతి, అమహత్తు అని మూడు పేర్లు పెట్టాడు. పురుషులు మహత్తు, స్త్రీలు మహతి, మిగతావన్నీ అమహత్తు. తమాషా ఎక్కడంటే, మహతికి తనదంటూ ప్రత్యేకమైన క్రియారూపం లేదు. ఏకవచనంలో అమహత్తుతో కలుస్తుంది: నానమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మహత్తుతో కలుస్తుంది: అన్నయ్యలు వచ్చారు, అక్కయ్యలు వచ్చారు. ఒక్కరుగా ఉంటే ఆవుతోనూ బస్సుతోనూ కలిపి, పదిమంది అయితే మగవాళ్లతో సమానం చేసే భాష మనది! దీని మీద ఎవరికైనా కోపం వస్తే నేను కాదనను. కానీ ఆ తప్పు మీ నానమ్మ గురించి రాసిన వాక్యానిది కాదు.

‘అనేవారు’ కూడా అదే పద్ధతిలో పుట్టింది: ‘అనే’ + ‘వారు’. అంటే ఒక మనిషిని పలువురిగా చూపడం, గౌరవ బహువచనం. గౌరవానికి అది ఒక దారి, ఏకైక దారి మాత్రం కాదు. దేవుణ్ణే చూడండి. ‘దేవుడు ఉన్నాడు’ అంటాం గానీ ‘దేవుడు ఉన్నారు’ అనం. ‘నువ్వే దిక్కు’ అని మొక్కుతాం. ‘తల్లి కరుణించింది’ అంటాం. ‘అమ్మవారు’ అని ‘వారు’ తగిలించినా, వెంటనే ‘పూనింది’ అనేస్తాం. మీ నానమ్మ చెవుడు అడిగింది కూడా ‘ఇవ్వు’ అనే. అంత భక్తురాలికి, దేవుడితో చనువు అమర్యాద అనిపించలేదు.

బాబాయిగారు వాళ్లమ్మను జీవితంలో ఒక్కసారైనా ‘మీరు’ అని పిలిచారా? అడిగి చూడండి. కొన్ని ఇళ్లలో అమ్మనూ నానమ్మనూ ‘మీరు’ అనే పిలుస్తారు. మీది అలాంటి ఇల్లయితే ‘అనేవారు’ అన్నదే సహజం, నేను చెప్పినదంతా పక్కన పెట్టేయండి. బతికుండగా ‘నువ్వు’ అని, పోయాక ‘వారు’ అంటే మాత్రం పాఠకుడికి మనిషి కనబడదు, గోడమీది పటం కనబడుతుంది.

అలాగని ఆయన అభ్యంతరంలో అసలు పస లేదని కాదు. మీ పేజీల్లోనే ఒకచోట ‘తాతయ్య కసురుకునేవారు, నానమ్మ నవ్వేసేది’ అని ఉంది. పక్కపక్కనే మగవారికి ‘రు’, ఆడవారికి ‘ది’ పెట్టడం మనకు చాలాకాలంగా అలవాటైన పక్షపాతం. ‘ఆయన చెప్పారు, ఆవిడ చెప్పింది’ అని పత్రికల్లోనూ కనబడుతుంది. బాబాయిగారు దిద్దవలసింది అక్కడ. తాతయ్య ‘కసురుకునేవాడు’ అని రాయగలిగితే నానమ్మ ‘నవ్వేసేది’. అలా రాయడానికి చెయ్యి రాకపోతే ఇద్దరికీ ‘రు’ పెట్టండి. ఇంకొకటి, పేరుకు ‘గారు’ తగిలిస్తే క్రియకు ‘రు’ తప్పదు. ‘నానమ్మగారు అనేది’ కుదరదు. మొదటి పేజీలో పేరు, ఫొటో ఉన్నచోట కుటుంబం తరఫున ‘గారు’, ‘వారు’ అని మర్యాదగా రాసి, లోపల మీ జ్ఞాపకాలకు మీ ‘ది’ ఉంచుకోండి. రాజీకి అదొక మార్గం.

పేరు ముందు ఏం రాయాలి? ‘స్వర్గీయ’కు సంస్కృతంలో అర్థం స్వర్గానికి సంబంధించినది అని. పోయినవారికి వాడడం హిందీ ప్రభావంతో మనకు బాగా అలవాటైంది. వాడితే కొంపలు మునగవు గానీ నాకు రుచించదు. ‘దివంగత’ అంటే స్వర్గానికి వెళ్లిన, ‘స్వర్గస్థ’ అంటే స్వర్గంలో ఉన్న. ఈ రెండోదాన్ని ‘స్వర్గస్తులు’ అని రాస్తుంటారు, అది తప్పు, ‘థ’ వత్తు ఉండాలి. ‘కీర్తిశేషురాలు’ అంటే కీర్తి మాత్రమే మిగిలిన మనిషి. దీనికే నా ఓటు. గౌరవంగా ‘కీర్తిశేషులు’ అన్నా సరే. ‘చనిపోయింది’ మొరటు మాట అని ఎవరైనా అంటే నమ్మకండి. ‘చను’ అంటే వెళ్లు. ‘పోవు’ అన్నా అదే. పాత తెలుగులో అది సుతారమైన మాటే. ‘పరమపదించారు’ వైష్ణవుల ఇళ్ల మాట, ‘శివైక్యం’ శైవులది. ఆవిడ ఎవరిని కొలిచిందో చూసుకుని వాడండి.

మూడు ‘రాలు’ల గురించి. ఈ ‘రాలు’లో ఉన్నది ‘ఆలు’, అంటే స్త్రీ. ‘ఇల్లాలు’లో ఉన్నది కూడా అదే. భక్త + ఆలు కలిస్తే మధ్యలో ‘ర్’ వచ్చి, ‘క్త’లోని అకారం ఉకారమై, భక్తురాలు అవుతుంది. బడిలో రుగాగమ సంధి అని చదువుకున్నది ఇదే. ఆ లెక్కన మీ మూడు మాటలూ సాధువులే. ‘ఉదారస్వభావురాలు’ మాత్రం విడదీయకుండా ఒకే మాటగా రాయాలి. ‘హాస్యప్రియురాలు’ దగ్గర అర్థమే తిరగబడింది. హాస్యం అంటే ఇష్టపడే మనిషి అని దాని అర్థం. ఆ లెక్కన హాస్యప్రియులు మీరు, ఆవిడ మాటలు విని నవ్వినవాళ్లు. ఆవిడ చమత్కారి, మాటకారి. ఉదారస్వభావురాలు బదులు ‘చేతికి ఎముక లేని మనిషి’ అనండి. కుటుంబానికి ‘పెద్దదిక్కు’ అన్న మాట ఉండనే ఉంది. దానికి ‘రాలు’ అక్కర్లేదు, ‘రు’ అక్కర్లేదు. దేవుణ్ణి ‘నువ్వే దిక్కు’ అంటామే, ఆ దిక్కే ఇదీ.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. అట్టమీద ‘జ్ఞాపకార్ధం’ అని వేశారు. ‘అర్ధం’ అంటే సగం. మీ నానమ్మను సగమే గుర్తు పెట్టుకున్నట్టు అవుతుంది. ‘జ్ఞాపకార్థం’ అని మార్చండి, అచ్చుకు వెళ్లేలోగా.

చివరిగా, మీ మొదటి వాక్యం: ‘మా నానమ్మ చాలా తమాషా మనిషి.’ ఆవిడ ఇప్పుడు లేదు కాబట్టి ‘తమాషా మనిషిగా ఉండేవారు’ అని బాబాయిగారు దిద్దారు. అక్కర్లేదు. తెలుగులో ఇలాంటి వాక్యానికి క్రియ ఉండదు, క్రియ లేదు కాబట్టి కాలమూ ఉండదు. రెండేళ్ల కిందట ఆ మాట ఎలా అనేవారో ఇప్పుడూ అలాగే అనవచ్చు. దాన్ని ముట్టుకోవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి.