పాఠకుల ప్రశ్నలు: పెంటికలు చెప్పే కబుర్లు

ప్రశ్న: జువాలజీ విద్యార్థిని. ఎవరూ పెద్దగా పట్టించుకోని జంతువుపై ప్రాజెక్టు చేయాలని ఉంది. మా మేడమ్ మూషిక జింక అన్నారు. పట్టుకోకుండా, రక్తం తీయకుండా ఏం తెలుసుకోగలం?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది చూడి కట్టిందో లేదో తెలుసుకోవచ్చు. రెండు, మూడు కిలోల బరువుండే ఈ బెరుకు ప్రాణిని సూది కోసం పట్టుకుంటే హడలిపోతుంది. అందుకే పెంటికలు ఏరతారు. రక్తంలోని ప్రొజెస్టరాన్ (గర్భాన్ని నిలిపే హార్మోన్) కాలేయంలో రూపం మార్చుకుని వాటిలోకి దిగుతుంది. గర్భం నిలిస్తే దాని మోతాదు పెరిగి అలాగే కొనసాగుతుంది.

ఇందుకు హైదరాబాద్ నెహ్రూ జూ పార్కుకి వెళ్లాలి. అక్కడ 2010లో మొదలైన మూషిక జింకల సంతానోత్పత్తి కేంద్రానికి సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వారి లాకోన్స్ అనే, అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల తోడ్పడింది. అక్కడ పెరిగిన జింకల్ని 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు. ముందుగా క్యూరేటర్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

పొద్దున్నే, ఎన్‌క్లోజర్ ఊడ్చేలోపే ఏరాలి. ఎండలో పడి ఉంటే సూక్ష్మజీవులు హార్మోన్‌ని మార్చేస్తాయి. మూత్రంలో తడిసినవి వద్దు, లెక్క తప్పుతుంది. జింక గుర్తు, తేదీ, వేళ కవరు మీద పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. వెంటనే మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ల్యాబ్‌లో ఆరబెట్టి, పొడి చేసి, జల్లించాకే తూస్తారు. తడిగా తూస్తే ఒక్కో పెంటికలో నీరు ఒక్కోలా ఉండి అంకెలు కుదరవు. సాధారణంగా ఆ పొడిని 80 శాతం మిథనాల్‌లో కలిపి హార్మోన్‌ని బయటికి లాగుతారు.

ఎక్కువ మంది పప్పులో కాలేసేది రెండు చోట్ల. ఒకటి, ఒకే ఎన్‌క్లోజర్‌లో నాలుగు ఆడవి ఉంటే ఏ పెంటిక దేనిదో తెలియదు. శాంపిల్ తీసే రోజుల్లో విడిగా ఉంచమనండి. రెండు, మనుషుల రక్తంలో హార్మోన్ కొలవడానికి తయారైన కిట్‌ని నేరుగా వాడేయడం. మన శాంపిల్‌ని సగం, పావు చొప్పున పలచన చేస్తూ పోతే వచ్చే గీత కిట్ ప్రామాణిక గీతకి (తెలిసిన మోతాదులతో గీసినది) సమాంతరంగా ఉండాలి. లేకపోతే ఆ అంకెలు చెత్తబుట్టకే. ఒక్క రోజు శాంపిల్‌తోనూ ఏమీ తేలదు. రోజు విడిచి రోజు, కనీసం రెండు నెలలు కావాలి.

మరో మాట: మూషిక జింక ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ జత కడుతుంది. పిల్ల పుట్టిందని మగదాన్ని అప్పుడే తీసేస్తే ఆ అదను పోతుంది.

ప్రశ్న: అలుగు (పాంగోలిన్) జూల్లో ఎందుకు అంతగా కనిపించదు?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తిండి సమస్య. దాని సహజ ఆహారం చీమలు, చెదలు; వేరే తిండి అంత తేలిగ్గా దాని కడుపుకి సరిపడదు. పళ్లు లేవు, మింగిన ఇసుక, చిన్న రాళ్లే పొట్టలో తిరగలిలా పనిచేస్తాయి. భువనేశ్వర్ నందన్‌కానన్‌లో దీనికి ప్రత్యేక సంతానోత్పత్తి కేంద్రం ఉంది. అదీగాక ఇది రాత్రి తిరిగేది. పగలు వెళ్లిన సందర్శకుడికి కనిపించేది చుట్టుకుని పడుకున్న పొలుసుల ఉండ మాత్రమే.