విశాఖ పోతున్న మా అల్లుడికి

చిత్తూరు

అల్లుడూ,

హార్బరులో పని దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా సర్వీసంతా ఆ పోర్టు గేట్ల కాడే గడిచింది కాబట్టి నాలుగు మాటలు రాస్తా.

ముందు ఇల్లు. బాల్కనీలోంచి సముద్రం కనపడాలని ఎగబడొద్దు. అద్దె అటుంచు, ఉప్పుగాలి కిటికీ ఊచల్ని, బండి చైనును, బీరువా తాళాన్ని దేన్నీ వదలదు. అప్పుడప్పుడూ తాళాలకు రెండు చుక్కల నూనె వేస్తుండు. అట్లని పోర్టు గోడ పక్కన వన్‌టౌన్‌లో దిగినా బొగ్గు దుమ్ము తప్పదు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రం నడిస్తే అరికాళ్లు నల్లగా అవుతాయి. మొదటి నెల ఏదైనా రూములో సర్దుకో. నీ డ్యూటీ ఏ గేటు కాడో తేలినాక ఇల్లు వెతుకు. ఊరికి ఆ దిక్కు మధురవాడలో కాపురం, పోర్టు దిక్కు సింధియాలో పని పెట్టుకుంటే బతుకంతా రోడ్డు మీదే.

నూలు చొక్కాలే తీసుకుపో. మన ఎండకు నీడలోకొస్తే ప్రాణం లేచొస్తుంది, అక్కడ నీడలోనూ చెమట ఆరదు.

ఇక తుపాను. వాన కోసం మొగులుకేసి చూసే మనకు ఇది కొత్త. అక్టోబరు, నవంబరుల్లో పోర్టులో ఎగరేసే హెచ్చరిక నంబరు మీద ఒక కన్నేసి ఉంచు. 1, 2 అంటే గాలివాన ఎక్కడో దూరంగా సముద్రంలో ఉన్నట్టు. 3, 4 వస్తే పోర్టుకూ తగలొచ్చు. 5 నుంచి ప్రమాదం, 8 నుంచి 10 దాకా మహా ప్రమాదం. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయినట్టు. 5 పడిందంటే నీళ్లు పట్టిపెట్టు, ఫోన్ ఛార్జింగ్ పెట్టు, చేతిలో నగదు ఉంచుకో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయినాయి. కార్డు జేబులో పెట్టుకుని పాల పాకెట్ కొనలేకపోయినోళ్లు ఎంతమందో.

పనిలో ఒకటే మాట. క్రేనుకు వేలాడే లోడు కింద నడవొద్దు, ఎంత తొందరున్నా చుట్టూ తిరిగే పో. టీ టైములో పాత కలాసీల, అంటే ఓడల కాడ సరుకు మోసే కూలీల పక్కన కూర్చో. 1933లో లోపలి హార్బరు తెరవక ముందు ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేస్తే, సరుకంతా పడవల మీద ఒడ్డుకు చేర్చేవాళ్లు. ఆ కష్టం తాతల నోట విన్నోళ్లు ఇంకా ఉంటారు. ఆఫీసరు చెప్పని కిటుకులు వాళ్లే చెప్తారు.

మన బావిలో ఈదినావు గదా అని ఆర్కే బీచిలోనో, యారాడలోనో దిగొద్దు. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఖర్మగాలి నీళ్లు లోపలికి లాగితే ఎదురీదొద్దు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ లాగుడు తప్పించుకున్నాకే ఒడ్డుకు తిరుగు.

చేపలకు తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు పో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, అప్పుడు ధర మండిపోతుంది.

మీ అత్త చెనక్కాయల పొడి కొట్టిస్తోంది. గాజు సీసాలో పోసుకుని మూత గట్టిగా బిగించు, తేమ తగిలిందంటే నాలుగు రోజులకే ముద్దవుతుంది.

ఇట్లు,
మీ మామ